గవాయి అంటే తెలియదన్నాను

కొన్నేళ్లుగా ఒక మాటను కక్కలేక, మింగలేక తిరుగుతున్నాను. దాని అర్థం నాకు తెలుసు. తెలియదని చెప్పాను. అందువల్ల ఒక మనిషికి ఉద్యోగం, వీసా రెండూ పోయాయి. అన్నీ చెప్పుకునే డైరీకి కూడా ఇది చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను దుబాయ్‌లో ఒక నర్సరీ బడిలో పనిచేస్తాను. మాది జగిత్యాల వైపు. ఇక్కడే ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో అక్కాబావల దగ్గర ఉంటాను. అప్పట్లో నేను ఆయాకు ఎక్కువ, టీచరుకు తక్కువ. మా తరగతి టీచరు నారె. ఆర్మేనియా అమ్మాయి, కాలేజీలో పాత భాషలు చదువుకుంది. బడి వ్యానులో పక్కపక్కన కూర్చునేవాళ్లం. ఎవరితోనూ కలవని నేను ఆమెతో మాత్రం తెగ మాట్లాడేదాన్ని. ఎందుకంటే మేము మనుషుల గురించి కాదు, మాటల గురించి మాట్లాడుకునేవాళ్లం.

వాళ్లు వెయ్యిని 'హజార్' అంటారు. శిష్యుణ్ణి 'అషకెర్త్' అంటారు, అంటే మన షాగిర్దే. ఇవన్నీ ఎప్పుడో ఇరాను వైపు నుంచి వాళ్ల భాషలోకి వచ్చి ఉండిపోయిన మాటలట. ఒకరోజు 'వ్కా' అనే మాట చెప్పింది. సాక్షి అని అర్థం. నేను గుర్తుపట్టలేదు. ఆ మాట మొదట్లో 'వి' ఉండేదని, పారసీకంలో అది మారి మారి 'గ' అయిందని, ఆ మార్పు రాని మరో ఇరాను భాష నుంచి ఆర్మేనియన్లు తీసుకున్నారు కాబట్టి వాళ్ల దగ్గర వకారం నిలిచిందని వివరించింది. పారసీకంలో ఇప్పుడది 'గవాహ్'.

వ్యానులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. గవాయి! మా తాత పంచాయితీల్లో గవాయి చెప్పేవాడు!

నారె సంబరం చూడాలి. వాళ్ల మాటకు కూడా పూర్వం చివర 'య్' ఉండేదట. ఇప్పుడు ఆ మాట ఒంటరిగా ఉంటే 'య్' పలకరు, రాయరు. వెనక అచ్చు వచ్చి చేరితే మళ్లీ లేచి వస్తుంది. 'వ్కాయి' అంటే సాక్షి యొక్క, 'వ్కాయెల్' అంటే సాక్ష్యం చెప్పడం. మీ దగ్గర అది ఎప్పుడూ పోనే లేదు అని మురిసిపోయింది. మన 'యి' వేరు, అది సాక్ష్యం అనే అర్థమున్న 'గవాహీ' నుంచి వచ్చిందని తర్వాత చదివాను. ఆమెకు చెప్పలేదు. అంత సంతోషాన్ని చెడగొట్టడం దేనికి? అప్పటి నుంచి పొద్దున్నే నన్ను చూడగానే "గవాయి" అని పిలిచేది.

ఇక ఆ రోజు. బడి నడిపే మా మేడమ్ ఫోనులో మాట్లాడుతూ వచ్చి, వెనక్కి చూడకుండా తరగతి తలుపు లాగింది. సందులో ఒక పాప వేలు పడి విరిగింది. నారె గది అవతలి మూలన ఇంకో పాపకు బూట్లు తొడుగుతోంది. నేను తలుపు పక్కనే ఉన్నాను. అంతా చూశాను. పాప తల్లిదండ్రులు వచ్చి నిలదీస్తే, తలుపు వేసింది నారె అని మేడమ్ చెప్పింది. వాళ్లు వెళ్లాక మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచింది.

మేడమ్‌ది కాకినాడ. నా 'తెల్వదు'ను అందరి ముందూ అనుకరించి నవ్వేది. నారె ఇంగ్లీషులో, నేను కాదు, ఈ అమ్మాయి చూసింది అని చెప్పింది. వెంటనే మేడమ్ నాతో తెలుగులోకి మారిపోయింది. ఇక నారెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా వైపు తిరిగింది. మా తెలుగులో తనకున్న ఆ ఒక్క మాటనే అంది.

"గవాయి."

"ఏంటమ్మాయ్, గ్వావా అంటోంది? మధ్యలో జామకాయేంటి? ఆకలేస్తోందా ఈవిడకి?"

నేను నవ్వాను. అవును, నవ్వాను.

"ఏమో మేడమ్. నాకూ తెలీదు."

"సర్లే. నువ్వేమన్నా చూశావా?"

"లేదండి. నేను చూడలేదు."

ఆ 'లేదండి' కూడా నాది కాదు, మేడమ్ దగ్గర అరువు తెచ్చుకున్నది. 'చూడలే' అని ఉంటే కనీసం నా నోటితో అబద్ధమాడినట్టయ్యేది.

నారెకు తెలుగు రాదు. కానీ నా నవ్వు అర్థమైంది. వీసా రద్దు చేశారు, వాళ్ల దేశం వెళ్లిపోయింది. ఆమె తరగతి నాకిచ్చారు.

బిడియస్తురాలిని, మాట పెగలదు అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. బిడియం నవ్విస్తుందా? భయం వేసిన మాట నిజమే, కానీ ఆ భయం పక్కనే ఇంకొకటి ఉంది. మేడమ్ మొదటిసారి నన్ను కాక వేరొకరిని వెక్కిరిస్తోంది, వెక్కిరిస్తూ నన్ను తన పక్కన నిలబెట్టుకుంది, అక్కడ నిలబడటం నాకు హాయిగా ఉంది. తరగతి నాకు దక్కవచ్చని ఆ క్షణంలో తోచిందా? తోచింది.

నిఘా పెట్టడం అంటామే, ఆ 'నిఘా' కూడా ఈ మాటకు చుట్టమేనని, రెండింటి మూలంలోనూ చూపు ఉందని కొందరు పండితులు అంటారట. అది చదివిన రోజు పుస్తకం మూసేశాను. నోరు విప్పినా విప్పకపోయినా చూసినవాళ్లు సాక్షులే అన్నమాట.

నిన్న నారెకు వాట్సాప్‌లో రాశాను. జరిగింది జరిగినట్టు, క్షమించమని అడగకుండా. చదివినట్టు నీలం గీతలు వచ్చాయి. జవాబు లేదు. రాకపోవచ్చు. సోమవారం ఆ వేలు విరిగిన పాప వాళ్లమ్మను కలుస్తాను, తర్వాత మేడమ్‌ను. ఈ మధ్యాహ్నం అక్కకు చెప్పాను.

"పిచ్చి లేసిందా నీకు? ఇగ నీ వీసా ఖలాస్!" అంది.

"పోతే పోనీ అక్కా. నేను చెప్త."

దీనితో నారెకు తిరిగి వచ్చేదేమీ లేదని తెలుసు. అయినా చెబుతాను. తలుపు లాగింది మేడమ్. నేను చూసిన.