ఎండలో చూసిన రంగు

పెళ్లికూతుళ్లకు మేకప్ వేయడం నేర్చుకుంటున్న రోజులవి. నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు కోసం కూర్చుని, చేతి అద్దంలో చూసుకుంటూ మూడోసారి చెంపలు తుడిచేసుకున్నాను. చెంప ఎముక కింద బ్రాంజర్ అనే గోధుమరంగు పొడి రాస్తే అక్కడ నీడ పడినట్టుండి ముఖం సన్నగా కనబడాలి. నాకేమో ఇటుక పొడి అంటినట్టు ఉండేది. మెరుపు లేని మ్యాట్ రకం కొన్నా అంతే. నాకిక ఈ పని రాదేమోనని ఏడుపొచ్చింది.

పక్కన కూర్చున్న పెద్దావిడ గోళ్లలో నీలం దిగిపోయి ఉంది. నూలుకు రంగులు వేసే పనట. చాలాసేపు నన్నే చూసి, "గా డబ్బీ ఇటియ్యి బిడ్డా," అంది. పొడి కాస్త నా దవడ మీద రాసి, రెక్క పట్టుకుని ఎండలోకి తీసుకెళ్లి అద్దం చూపించింది.

"నీడ గిట్ల ఎర్రగుంటదా? గిది తెల్లటోళ్ల కోసం చేసిండ్రు. నీకు ఎరుపు తక్కువుండి, ఇంకా నల్లటిది గావాలె. నీ చేతిల తప్పేం లేదు."

అంతలో ఆమె బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

మర్నాడు నాలుగు దుకాణాలు తిరిగాను. ప్రతి డబ్బీనీ గుమ్మం బయట ఎండలో దవడ మీద రాసి చూశాను. ఒక్కటీ సరిపోలేదు.

"గంత నల్లటియి ఎవ్వలు కొనరు మేడం," అన్నాడు చివరి దుకాణాయన.

"నేను కొంట. తెప్పియ్యి," అని అరిచినంత పని చేశాను. అప్పటిదాకా ఆ కోపమంతా నా ముఖం మీదే చూపించుకునేదాన్ని.