నేను నల్లగా దిద్దిన కన్ను

ఈమధ్య నా ఎడమకంటి శుక్లం చూపించుకోవడానికి ఎల్‌బీ నగర్‌లో ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళాను. తోడుగా మా చెల్లెలు బడంగ్‌పేట్ నుంచి వచ్చింది. చుక్కలు వేసి కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. మూసుకునేలోపే ఎదురుగోడ మీది బొమ్మ చూశాను. పసిబిడ్డ ముఖం, ఒక కంటిపాప నల్లగా, రెండోది తెల్లగా. ఫొటోలో పిల్లల కన్ను ఇలా మెరిస్తే వెంటనే డాక్టరుకు చూపించండని కింద తెలుగులో రాసి ఉంది. అరగంట కళ్ళు మూసుకునే ఉన్నాను గాని, ముప్ఫై ఏళ్ళకు పైగా చూడకూడదనుకున్నదంతా చూస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్న చెల్లెలు ఆ గోడ చదివిందో లేదో అడగడానికి ధైర్యం చాలలేదు.

నల్గొండ దగ్గరి మా ఊరి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫొటో స్టూడియోలో టచింగ్ పనికి కుదిరిన రోజులవి. మన వయసువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఫొటో మీది మచ్చలూ గీతలూ సన్నని కుంచెతో మాయం చేయడమే ఆ పని. మా ఓనరు అన్నిటికన్నా ముందు నాకు కన్ను నేర్పాడు. కంటిపాపలో ఆవగింజలో సగమంత తెల్లచుక్క లేకపోతే ఎంత అందగాడైనా ప్రాణం లేనివాడిలాగే ఉంటాడనేవాడు. అసలు మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ప్రాణం లేనివాళ్ళే. బతికుండగా ఒక్క ఫొటో దిగని పెద్దవాళ్ళకు పోయాక ఫొటో తీయించి, దాన్ని పట్టుకుని వాళ్ళ పిల్లలు ఊళ్ళ నుంచి బస్సెక్కి వచ్చేవారు. నేను ఆ పిల్లల కళ్ళు చూసి, పోయినవారి మూసిన రెప్పల మీద కళ్ళు తెరిపించి ఇచ్చేవాణ్ణి. "మా నాయిన గిట్లనే సూస్తుండె" అని ఒకాయన కౌంటరు మీద తల పెట్టి ఏడ్చాడు. అప్పటినుంచి నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

స్టూడియో కింద గదుల్లో కోస్తా నుంచి వచ్చిన ఒక కంటి డాక్టరు ఉండేవారు. ఆయన దగ్గర బైండు ఊడిన ఇంగ్లీషు వైద్యపుస్తకం ఒకటి ఉండేది. రంగుల ఫొటోలు రాని కాలంలో డాక్టర్లు రోగి పక్కనే చిత్రకారుణ్ణి కూర్చోబెట్టుకుని జబ్బుపడ్డ కళ్ళను గీయించేవారట, అందులో ఉన్నవన్నీ ఆ బొమ్మలే. వాటిలో పన్నెండింటిని గోడకు పెద్దవిగా గీసిపెట్టమన్నారు. నాకు ఇంగ్లీషు రాదు, కింది అక్షరాలను కూడా బొమ్మలుగానే దింపాను. ఒక చిన్నపిల్ల కంటిపాపలో పాలమీగడ లాంటి తెలుపు కుదరక రెండు రోజులు కుస్తీ పట్టాను. అదేం జబ్బని డాక్టరుగారిని అడగాలని తోచలేదు, ఆ తెలుపు కుదిరిందా లేదా అన్నదే నా ధ్యాస.

ఆ మరుసటి ఏడే మా మేనకోడలి రెండో పుట్టినరోజు. సరూర్‌నగర్‌లో చెల్లెలు వాళ్ళ కిరాయి ఇంట్లో ఫ్లాష్ పెట్టి నేనే ఫొటోలు తీశాను. కడిగి చూస్తే మూడింటిలో పాప కుడికన్ను తెల్లగా మెరిసింది. ఫ్లాష్ తగిలిందిలే అనుకున్నాను. మూడింటిలోనూ అదే కన్ను ఎందుకని నన్ను నేను ఒక్కసారైనా ప్రశ్నించుకోలేదు. నా చేతిమీదుగా వెళ్ళే ఫొటోలో లోపమా? తెలుపు మీద నల్లరంగు నింపి, ఆవగింజలో సగమంత చుక్క వదిలి, పటం కట్టించి ఇచ్చాను. చెల్లెలు మురిసిపోయి వాకిట్లోకి రాగానే కనిపించేలా తగిలించింది.

ఏడాది తిరగకముందే పాప కన్ను ఎర్రబడి ఉబ్బింది. కింది డాక్టరుగారి దగ్గరికి నేనే ఎత్తుకెళ్ళాను, చెల్లెలు వెంట వచ్చింది. ఆయన లైటు వేసి రెండు కళ్ళూ మార్చి మార్చి చూశారు. "ఇది ఎప్పటినుంచమ్మా? అంతకుముందు కంట్లో తెల్లగా ఏమైనా కనపడేదా?" అని అడిగారు. కన్ను ముందెలా ఉండేదో చూపిద్దామని వెంట తెచ్చిన ఆ పటమే చెల్లెలు సంచిలోంచి తీసింది. "లేదు సార్, సూడుండ్రి, నిరుడు గూడ మంచిగనే ఉండె" అంది. ఆయన నేను దిద్దిన కన్నును చూసి తల ఊపారు. ఆయన తల వెనక గోడ మీద నేను గీసిన తెల్లకన్ను ఉంది. నేను నోరు విప్పలేదు. కంట్లో కాన్సర్ అని, ముందే తెలిస్తే బతికించే వీలుండేదని ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పారు. కన్ను తీశారు. అయినా పాప నాలుగో పుట్టినరోజు చూడలేదు. పదకొండో రోజు కర్మ అయ్యాక స్టూడియోకు వెళ్ళి ఆ పుట్టినరోజు ఫిల్ములు కత్తిరించి కాల్చేశాను. మర్నాడు టచింగ్ పని మానేశాను.

ఆరోజు ఆసుపత్రి నుంచి బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు, నా కళ్ళు ఇంకా మసకగానే ఉండగా, చెల్లెలికి అంతా చెప్పేశాను. ఆమె ముఖం కనిపించకపోవడం వల్లే చెప్పగలిగాను. ఆటో ఎక్కి చాలా దూరం పోయాక "అసల్ది ఉన్నదా అన్నా?" అంది. కాల్చేశానన్నాను. మర్నాడు తానే వచ్చి, ఇన్నేళ్ళు గోడ మీదున్న ఆ పటాన్ని నా బల్ల మీద పెట్టింది. "నువ్వే దిద్దితివి గద. గప్పుడెట్లుండెనో గట్లనే చెయ్యి. నా బిడ్డ కన్ను నా బిడ్డకియ్యి" అని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు టచింగ్ చేసేవాళ్ళూ లేరు, ఆ కుంచెలూ దొరకవు. మన కంట పడకముందే ఫోనే ముఖాలు తీర్చిదిద్దుతోంది. ఎవరి కన్ను ఎలా మార్చమన్నా క్షణంలో మారుస్తారు. కాని ఆ తెలుపు ఎంత ఉండేదో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, నా కంటికి శుక్లం, చేతికి వణుకు. నాలుగు రోజులుగా రోజూ పటం అద్దం విప్పుతున్నాను, దాచుకున్న పాత కుంచె తీసి తెల్లరంగు కలుపుతున్నాను. పాప నేను పెట్టిన చుక్కతో నా వైపే చూస్తోంది. కుంచె ఇంకా ఆనించలేదు.