బొమ్మలు కూర్చున్న సంగతి

డ్రాయింగు మాస్టారి బొమ్మల్లో మనుషులు మొదటి పదేళ్ళూ నిటారుగా నిలబడ్డారు, కుడిచెయ్యి పైకెత్తి. ఆ తర్వాత గోడకి ఆనుకున్నారు. చివరికి కుర్చీలో కూలబడ్డారు. ఆయన రిటైరవుతున్నారని కాలేజీవాళ్ళు ఆ బొమ్మలన్నీ హాల్లో వరసగా తగిలించి, ఒక పుస్తకం కూడా వేశారు. అందులో విమర్శకుడొకాయన ఇది తిరుగుబాటు నుంచి శాంతికి ప్రయాణమనీ, కూర్చున్న మనుషుల్ని పైనుంచి చూపించడంలో గొప్ప కరుణ ఉందనీ రాశాడు. మాస్టారు కాదనలేదు. కాదనడమేమిటి, ఆ ముక్కలకే కాస్త రంగులద్ది క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చింది ఆయనే.

అసలు సంగతి తెలిసినవాడు బావమరిది ఒక్కడే. బస్సు కండక్టరు. ఆదివారాలు అక్క ఇచ్చే టీ తాగి, బావ బొమ్మ గీసుకోడానికి ఎదురుగా నిలబడేవాడు. నిలబడితే చాలు, అలవాటు కొద్దీ చెయ్యి బస్సులో పట్టుకునే కడ్డీ కోసం పైకి పోయేది. నలభై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. ముందు గోడ కావాలన్నాడు, తర్వాత కుర్చీ కావాలన్నాడు. శాంతి వచ్చింది అలాగన్నమాట.

ఇప్పుడా బావమరిది ఇస్త్రీ చొక్కాతో వీడ్కోలు సభలో మొదటి వరసలో కూర్చుని, పుస్తకం చదువుతూ మీసాల చాటున నవ్వుకుంటున్నాడు. మాస్టారు అది చూశారు. వీడు నోరు జారితే పిల్లల ముందు ఇన్నేళ్ళ పరువూ గాల్లో కలిసినట్టే.

ఇంతలో ఒక విద్యార్థిని లేచి, మీ మనుషుల్ని కూర్చోబెట్టాలని ఎప్పుడనిపించింది మాస్టారూ అని అడిగింది. ఆయన బావమరిది వంక చూశారు. అతను బుద్ధిగా ఫ్యాను వంక చూస్తున్నాడు. చచ్చినా చెప్పడు. అది అర్థమయ్యేసరికి మాస్టారికి మరీ సిగ్గేసింది.

"నాకేం అనిపించలేదమ్మా. మా బావమరిదికి మోకాళ్ళ నొప్పులొచ్చాయి."

పనిలో పనిగా బస్సు కడ్డీ సంగతి కూడా కక్కేశారు. హాలంతా ఘొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది ఆ విమర్శకుడే. పరువు ఎక్కడికీ పోలేదు.

బావమరిది లేచాడు.

"మోకాళ్ళు నావే. కానీ ఆ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అది నాకిచ్చి, పన్నెండేళ్ళుగా నిలబడి గీస్తున్నాడు మా బావ. అందుకే కూర్చున్న ప్రతి బొమ్మలోనూ ముందు నా బట్టతల కనిపిస్తుంది. పుస్తకంలో ఆ ముక్క లేదేం?"

అంటూనే ఒక కుర్చీ లాక్కొచ్చి బావ వెనక వేశాడు.

"కూర్చో బావా. కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో నీకూ తెలియాలిగా."

మాస్టారు కూర్చున్నారు. పిల్లలు అప్పటికే పెన్సిళ్ళు తీశారు.