చిన్న స్టేజీ మీద సన్మానం

సాయంత్రం ఐదున్నరకు కడపలో మా చిన్న స్టేజీ మీద ఉన్నవి ఇవి: భోజనాల స్టాలు నుంచి ఎత్తుకొచ్చిన ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో మా ఊరి పెద్దలు నలుగురు, మా నాయన, ఆ స్టేజీకి డబ్బు పెట్టిన బండల వ్యాపారి, నలుగురు పట్టుకుంటే గాని లేవని గజమాల, కవర్లు విప్పని శాలువాలు, పాటకోసం అమర్చిన రెండు మైకులు, అందులో ఒకటి వ్యాపారి చేతిలో. మధ్యలో నేను. ఆ సమయానికి స్టేజీ మీద ఉండాల్సిన ఎర్రగుంట్ల అమ్మాయి మాత్రం కింద మెట్ల దగ్గర గిటార్ పట్టుకుని నిలబడి ఉంది.

సంగీతోత్సవాల్లో ఏ స్టేజీ మీద ఎవరు, ఏ వరుసలో, ఎంతసేపు పాడాలో తేల్చడం నా పని. కర్నూలులో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదువుతున్నప్పుడు కాలేజీ ఉత్సవానికి ఎవరూ ముందుకు రాకపోతే పాటల వరుస నేను రాశాను. అది సరిగ్గా నడిచింది. సర్క్యూట్ పనిచేసినప్పుడు కలిగే తృప్తే అప్పుడూ కలిగింది. చదువయ్యాక బెంగళూరు వెళ్లి మొదట కేబుళ్లు చుట్టాను, తర్వాత మైకులు మోశాను, ఆ తర్వాత వరుసలు వేసేవాళ్ల పక్కన కూర్చోవడం మొదలైంది. ఆలూరు దగ్గర మా ఊళ్లో ఈ పనికి పేరు లేదు. అడిగినవాళ్లకు మా నాయన "కంప్యూటర్ల పని" అని చెప్పేవాడు. నేనూ దిద్దలేదు.

కడప ఉత్సవంలో రెండు స్టేజీలు. పెద్దది బెంగళూరు వాళ్లది. సీమ కళాకారుల కోసం వేసిన చిన్నది మొత్తం నా చేతికిచ్చారు. అలా ఇవ్వడం నాకదే మొదటిసారి. రెండూ ఒకే మైదానంలో ఉన్నాయి కాబట్టి ఒకటి మోగుతుంటే రెండోది ఆగాలి. పెద్ద స్టేజీ ఆరుకు మొదలవుతుంది, అది ఒప్పందం. ఆరులోపు మాది ముగియాలి. చివరి అరగంటలో పెద్ద స్టేజీకోసం వచ్చే జనమంతా అక్కడే తిరుగుతుంటారు. అందుకే ఆ అరగంట ఎర్రగుంట్ల అమ్మాయికిచ్చాను.

వాళ్ల నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేస్తాడు. ఆమె పాటలు ఆమే రాసుకుంటుంది. బెంగళూరులో మాకంటే చాలా పెద్ద ఉత్సవానికి కళాకారులను ఎంపిక చేసే ఒకావిడను, ఈమె పాట వినడం కోసమే నేను బతిమాలి పిలిపించాను. ఆవిడకు నచ్చితే ఆ ఏడాదే అక్కడ చోటు దొరుకుతుంది. ఆ సంగతి అమ్మాయికి తెలుసు.

"అర్ధగంట సాలన్నా నాకు," అంది పొద్దున. "ఆరు పాటలు. ఒగటి సెడిపోయినా ఇంగొగటి ఉంటాది గదా."

సమయం విషయంలో నేను కఠినం. నేను అరచేతిని గొంతుకు అడ్డంగా లాగితే సౌండ్ ఆయన మైకు ఆపేస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక కాలేజీ బ్యాండును చివరి పాట మధ్యలో అలాగే ఆపించాను.

"ఏమన్నా, రెండు నిముషాలకు ఏం మునిగిపాయ?" అన్నాడు వాళ్ల డ్రమ్ములవాడు.

"మీవి రెండు, తర్వాతివాళ్లవి రెండు. సాయంత్రానికి లెక్క వేసుకో," అన్నాను. బాగా చెప్పాననుకున్నాను కూడా.

ఐదున్నర కావస్తుండగా, ముందు బృందం సామాను దించుకుంటూ ఉంటే, మా నాయన రెండు జీపుల జనంతో దిగాడు. ఫోనులో ఎప్పుడో ఒకసారి, కడపలో స్టేజీ నాకిచ్చారని చెప్పానంతే. వ్యాపారి ఎదురెళ్లి చేతులు పట్టుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు.

"పెద్దాయన అంత దూరం నుంచి వచ్చినాడప్పా. ఆయన ముందర నువ్వు ఒగ శాలువా కప్పుకోకుంటే ఎట్ల? ఐదు నిముషాలు."

సామాను మార్చడానికి ఎలాగూ ఐదు నిమిషాలు పడుతుంది. సరేనన్నాను. మా వైపు ఐదు నిమిషాల సన్మానం ఉండదని నాకు తెలుసు. ఒకరికి మైకిస్తే అందరికీ ఇవ్వాలి. శాలువా కప్పిన ప్రతివాడూ ఫోటోకు ఆగాలి. పేరు చదవడం మరిచిపోతే ఆ మనిషి ఏడాదిపాటు ఇంటి గడప తొక్కడు. ఇవన్నీ చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణే.

మొదటి పెద్దమనిషి "నాకు మాట్లాడేదానికి రాదు" అని మొదలుపెట్టి ఆపలేదు. రెండో ఆయన వానల గురించి మాట్లాడాడు. "పాటల కాడ వానలేందిరా సామీ!" అని కిందనుంచి ఎవరో అరిస్తే, "వానలుంటేనే గదరా పాటలు!" అని మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. బెంగళూరు ఆవిడ నవ్వుతూ ఫోనులో వీడియో తీస్తోంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ కుర్చీలు, ఈ ఈలలు, నాయన భుజం మీది తువ్వాలు, అన్నీ ఆవిడ కంట పడుతున్నాయే అన్నదే నా బాధ.

అప్పుడు నాయన మైకు తీసుకున్నాడు.

"మావోడు ఇంజినీరు సదివి మైకులు మోస్తాండాడని ఊర్లో శానామంది నగినారు. నేనూ నగినా. అడిగినోళ్లకు కంప్యూటర్ పనని అబద్ధం జెప్పినా. ఈ పొద్దు అందరి ముందర జెప్తాండా. నా కొడుకు పని ఇదే. ఇంగ ఎవురన్నా అడిగితే ఇదే జెప్తా."

జనం చప్పట్లు కొట్టారు. సౌండ్ ఆయన నా వైపు చూస్తున్నాడు. మెట్ల దగ్గర అమ్మాయి కూడా చూస్తోంది. చెయ్యెత్తాల్సింది నేను. ఎత్తలేదు. గజమాల బరువుకు చెయ్యి లేవలేదని తర్వాత సౌండ్ ఆయనతో నవ్వుతూ అన్నాను. అది నిజం కాదు. నాకు ఇంకా వినాలనిపించింది. నాయన రెండోసారి అదే మాట చెప్పినప్పుడు, మూడోసారి కూడా చెబితే బాగుండుననుకున్నాను. అంతకుముందు ఆవిడ ముందు పడిన సిగ్గు అప్పటికే పోయింది. ఇప్పుడు తలుచుకుంటే నన్ను కుంగదీసేది ఆ సంతోషమే. అంతసేపూ ఆ అమ్మాయి నాకు కనిపిస్తూనే ఉంది.

కుర్చీలు దించి, కేబుళ్ల మీది పూలరెక్కలు ఊడ్చేసరికి ఆరు కావస్తోంది. పెద్ద స్టేజీకి వాకీటాకీలో కాస్త ఆగమని అడిగాను. కుదరదన్నారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి.

"ఏది పాడాలన్నా?" అంది అమ్మాయి.

"బాగా వచ్చేది."

"అన్నీ బాగా వచ్చేటివే తెచ్చినా గదా," అంది.

నిదానంగా మొదలయ్యే పాట ఎంచుకుంది. జనం కబుర్లు ఆపి అటు తిరగడం చూశాను. రెండో చరణంలో ఉండగా పెద్ద స్టేజీ మీద డప్పు ఒకసారి మోగింది. సౌండ్ ఆయన మళ్లీ నన్ను చూశాడు. ఈసారి నా చెయ్యి లేచింది. మైకు ఆగాక కూడా ఆమె ఆ పాదం చివరిదాకా పాడి, దండం పెట్టి దిగింది.

బెంగళూరు ఆవిడ వెళ్తూ, "గొంతు బాగుంది. కానీ సగం పాట విని ఈ ఏడాది చోటివ్వలేను. మీకు తెలుసు కదా," అంది. తెలుసు.

నాయన జీపెక్కుతూ, "ఆ పాప శానా బాగ పాడతాండె. ఇంగో రెండు పాడనియ్యకపోతివా?" అన్నాడు.

"టైమైపోయింది నాయనా."

"నీ స్టేజీయే గదరా," అన్నాడు ఆశ్చర్యంగా.

ఆమె మెట్ల మీద కూర్చుని గిటార్‌ను సంచిలో పెట్టుకుంటోంది. ఆవిడ ఏమన్నదీ చెప్పాను. క్షమించమనీ అన్నాను.

"మీ నాయన బాగ మాట్లాడినాడులేన్నా," అంది తల ఎత్తకుండా. సంచి జిప్పు లాగి అడిగింది. "మా నాయన ఫోన్ జేస్తాడు. ఎంతసేపు పాడినావని అడుగుతాడు. నువ్వు టైం సూస్తివా?"

చూశాను. నాలుగు నిమిషాలు.