గేటు దాటని డ్రైవరు

ముందు బస్సు వినిపిస్తుంది. వెనక్కి వచ్చే బస్సు చేసే కీచుకీచు, దాని మీదుగా ఒక ఆడగొంతు: "నీకేం తొందర తల్లీ, మెల్లగా రా." ఆ తర్వాతే కిటికీలోంచి ఒక మోచెయ్యి, దాని వెనక రివర్సక్క.

డిపోలో బస్సులు కడగడానికి చేరిన మనిషి. కడిగిన బస్సును పక్కకు తీయమని అందర్నీ బతిమాలే ఓపిక లేక ఒకరోజు తానే తీసింది. అప్పటినుంచి సాయంత్రం తిరిగొచ్చిన ప్రతి బస్సునూ గోడవారగా, మధ్యలో పిల్లి దూరేంత సందు వదిలి, వెనక్కి పెట్టేది ఆమే. డ్రైవర్లు గేటు దగ్గరే దిగి టీకి పోతారు. వాళ్లలో ఆమె భర్త కూడా ఉన్నాడు. ఊరంతా తిప్పిన బస్సును పెళ్లానికి అప్పజెప్పి, "జాగ్రత్తోయ్, గీతలు పడతాయి" అని ఒక సలహా కూడా పారేసి పోతాడు.

గేటు అవతల మాత్రం ఆమె స్టీరింగు ముట్టుకోకూడదు. ఇక్కడి రూలు ప్రకారం ప్రయాణికుల బస్సు నడిపే ఉద్యోగం మగవాళ్లకే. దాన్ని మారుస్తామని, ఏడాది చివరికల్లా కొత్త రూలు తెస్తామని సర్కారు పదిమందీ వినేలా మాటిచ్చింది. రివర్సక్క గంపెడాశ పెట్టుకుంది. డ్రైవరుగా చేరాలంటే నలభై అయిదు నిండకూడదు. ఆమెకు నిండేది గడువు దాటిన రెండు నెలలకు.

గడువు వచ్చింది, కురవని మబ్బులా డిపో మీదుగా వెళ్లిపోయింది. ఆడవాళ్లకు డ్రైవరు సీటు ఎంత ఎత్తుండాలో కమిటీ ఇంకా ఆలోచిస్తోందట. డిపో మేనేజరు నీళ్లు నములుతూ చెప్పాడు. ఆమె గొడవ పెట్టుకోలేదు. రూలు లేనప్పుడు లోపల మాత్రం ఎందుకు నడపాలని బకెట్టు తెచ్చుకుని టైర్లు కడగడానికి కూర్చుంది.

ఆ సాయంత్రం బస్సులు ఒక్కొక్కటే వచ్చి గేటులో ఇరుక్కున్నాయి. వెనక్కి నడపడం ఎప్పుడో మరిచిపోయిన డ్రైవర్లలో ఒకడు అడ్డంగా పెట్టాడు, ఇంకొకడు నీళ్లతొట్టిని ముద్దుపెట్టుకున్నాడు. తడినేల మీద ఎర్రదీపాలు కరిగి పారుతున్నాయి. భర్త మూడుసార్లు వెనక్కి వెళ్లి, మూడుసార్లు ముందుకొచ్చి, చివరికి దిగి ఆమె పక్కన కూర్చుని ఒక టైరు తోమసాగాడు.

మేనేజరు పరుగున వచ్చాడు.

"అమ్మా, రూలు నా చేతుల్లో ఉందా చెప్పు?"

"లేదు సార్. బస్సు కూడా నా చేతుల్లో లేదు."

"నీకేం కావాలి?"

"వాళ్లు ఆలస్యం చేస్తే నేను ముసలిదాన్నవడం ఏంటి సార్? నా వయసు ఆ గడువు రోజుకే లెక్కగట్టమనండి."

అతను అక్కడికక్కడే పైవాళ్లకు ఫోను చేశాడు. వాళ్లు నాన్చబోయారు గానీ, వెనక మోగే హారన్లు చెవిలో పడుతుంటే ఎంతసేపని నానుస్తారు? సరేనన్నారు. ఆమె చెయ్యి తుడుచుకుని లేచింది.

మర్నాడు ఉత్తర్వు కూడా వచ్చింది. వయసు ఆగింది, రూలే ఇంకా బయల్దేరలేదు. పుట్టినరోజు కూడా గడిచిపోయింది. తాను బయట దారి పట్టాక లోపల బస్సులెవరు పెడతారని, ఇప్పుడు రోజూ డ్రైవర్లకు రివర్స్ నేర్పుతోంది. మొదటి శిష్యుడు భర్తే. అతనికి అద్దంలో కుడిఎడమలతో ఇంకా పొత్తు కుదరడం లేదు.

మొన్న, రూలు ఎప్పుడొస్తుందనుకుంటున్నారని అడిగితే, గోడ వైపు పోతున్న భర్త బస్సు మీంచి చూపు తిప్పకుండానే అంది:

"అదీ, మా ఆయనకి రివర్సూ, రెండూ వస్తూనే ఉన్నాయి. ఏది ముందొస్తుందో మీరే పందెం కాయండి. నేనైతే మా ఆయన మీదే కాస్తా."