మార్జిన్ కట్టడానికి వచ్చిన మల్లేశం

కరోనా సద్దుమణిగాక, రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు నన్ను చార్మినార్ శాఖకు బదిలీ చేశారు. ఒక షేర్ బ్రోకింగ్ సంస్థలో శాఖ మేనేజర్ని. ముత్యాల దుకాణాల మీద రెండో అంతస్తులో ఆఫీసు. పేరుకు పెద్ద హోదాయే గానీ, ఖాతాదారు షేర్లు అమ్మాలా ఆపాలా అన్నది నా చేతిలో ఉండదు. అది ముంబైలోని రిస్క్ విభాగం చూసుకుంటుంది.

అప్పట్లో పైనుంచి ఒకటే పోరు, మార్జిన్ ఖాతాలు పెంచండని. మార్జిన్ అంటే షేర్ల ఖరీదులో కొంత ఖాతాదారు పెడతాడు, మిగతాది బ్రోకరు వడ్డీకి అప్పిస్తాడు. కొన్న షేర్లు తాకట్టులో ఉంటాయి. ధర బాగా పడితే గడువులోగా ఇంకొంత జమ చేయమంటారు, దాన్నే మార్జిన్ కాల్ అంటారు. జమ కాకపోతే అడగకుండానే అమ్మేస్తారు. ఇదంతా దరఖాస్తులో ఉంటుంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో.

పురానాపూల్‌లో పాల వ్యాపారం చేసే మల్లేశం రెండు బర్రెలు అమ్మిన డబ్బుతో వచ్చాడు. దాన్ని పెంచుకుని నాలుగు కొనాలని ఆశ. మా రిలేషన్‌షిప్ మేనేజర్ సుధీర్ అతని ఫోన్ తీసుకుని, వచ్చిన ఓటీపీలు తనే కొట్టి, పావుగంటలో మార్జిన్ ఖాతా తయారుచేశాడు. ఉన్న డబ్బుకు మూడింతల షేర్లు వస్తాయన్న ఒక్క ముక్కే తెలుగులో చెప్పాడు. ఆమోదిస్తున్నట్టు దరఖాస్తు మీద శాఖ మేనేజర్‌గా నేను చదవకుండా సంతకం పెట్టాను.

కొన్ని వారాలకే ఆ షేరు కుప్పకూలింది. మార్జిన్ కాల్ ఇంగ్లీషు మెసేజిగా వెళ్లింది. మల్లేశం దాన్ని పక్కింటివాళ్లతో చదివించుకుని, ఆ సాయంత్రమే ఇంకో బర్రెను అమ్మి, మర్నాడు ఆఫీసు తెరిచేసరికి నోట్ల సంచితో నిలబడ్డాడు. బర్రెల బేరంలోనైనా, దాణా కొట్టులోనైనా మనిషి ఎదుట నోట్లు పెడితే బాకీ తీరినట్టే. అతనికి తెలిసిన పద్ధతి అదే.

"గిదిగో సార్, మీరడిగినంత తెచ్చిన. లెక్క పెట్టుకోండ్రి" అన్నాడు.

బ్రోకరు నగదు తీసుకోకూడదు. డబ్బు ఖాతాదారు బ్యాంకు నుంచే రావాలి. మంచి నియమమే, కానీ అతనికి ఎవరూ చెప్పలేదు. గడువు ఆ మధ్యాహ్నం పన్నెండింటి దాకానే. సుధీర్‌ను తోడిచ్చి బ్యాంకుకు పంపి, ముంబైకి ఫోన్ చేశాను. డబ్బు నా కళ్లతో చూశాను, ఒక్క గంట ఆగమన్నాను. సిస్టంలో జమ కనిపించాలి సార్, నాకు అధికారం లేదన్నాడు అవతలి ఆఫీసరు. మల్లేశం ఇంకా బ్యాంకు క్యూలో ఉండగానే షేర్లన్నీ అమ్ముడుపోయాయి.

తిరిగొచ్చాక చెప్పింది నేనే. అప్పూ వడ్డీ పోను, మొదట పెట్టినదాంట్లో పావు వంతు కూడా మిగల్లేదు.

"పైసలు పట్టుకొని మీ ముంగటనే నిలవడ్డ గద సార్! నన్నడగకుంట ఎట్ల అమ్మిండ్రు?"

దరఖాస్తులో ఉందన్నాను. ఆ జవాబు చెప్పినందుకు నామీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అతను వెళ్లాక, చదువుకోనివాళ్లతో ఇదే తంటా అని సుధీర్ గొణిగితే అందరి ముందూ కసిరాను. తెలియనివాడికి అప్పు అంటగట్టి, తెలియలేదని మళ్లీ అతన్నే అనడం ఎంత సిగ్గుమాలిన పని!

నెలాఖరున ప్రధాన కార్యాలయం మా శాఖను అభినందిస్తూ ఉత్తరం పంపింది, మార్జిన్ అప్పుల్లో ఒక్క రూపాయి మొండి బాకీ లేదని. మల్లేశం ఖాతా కూడా ఆ లెక్కలోదే. ఆ ఉత్తరాన్ని నోటీసు బోర్డుకు పెట్టమన్నారు. చించి చెత్తబుట్టలో వేశాను.

ఆ తర్వాత ప్రతి మార్జిన్ దరఖాస్తుకూ, సంతకానికి ముందు ఖాతాదారుని ఎదుట కూర్చోబెట్టి, ధర పడితే ఏమవుతుందో మీ మాటల్లో చెప్పండని అడిగేవాణ్ణి. చాలామంది చెప్పలేక, నేను చెప్పింది విని, లేచి వెళ్లిపోయారు. నేను రిటైరయ్యేదాకా మా శాఖ టార్గెట్ అందుకోలేదు. ఆ ప్రశ్నకు రెండు నిమిషాలు పడుతుంది. మల్లేశాన్ని నేను అడగలేదు.