చిలుం పట్టిన దుప్పటి

పుణేలో తాంబట్ ఆళీ వీధికి వెళ్లి ఇందుమతి ఇల్లెక్కడ అంటే ఎవరూ వెంటనే చెప్పలేరు. చింతపండు ఇందూ అనాలి. అప్పుడు చంటిపిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది. ఆ వీధంతా రాగి పనివాళ్లే. పొద్దున్నే సుత్తుల మోత మొదలవుతుంది. మగవాళ్లు కొట్టి బిందెకు ఆకారం తెస్తే, ఆడవాళ్లు చింతపండూ ఉప్పూ వేసి తోమి మెరుపు తేవాలి. అందరూ తోమేవాళ్లే గానీ, ఇందుమతికి మాత్రం అదో పిచ్చి. ఎవరింటికైనా పెళ్లికి పోయి, అక్కడ నీళ్ల బిందె నల్లగా కనిపించిందంటే చాలు, చేతులు ఊరుకునేవి కావు. పట్టుచీర కొంగు దోపుకుని కూర్చునేది. "దీనికి తాంబూలం వద్దండీ, పిడికెడు చింతపండు ఇచ్చి పంపండి" అని మొగుడు దత్తోబా నలుగురిలో ఎగతాళి చేసేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఈవిడ తోమడం మాత్రం మానలేదు.

అదంతా మెరుపు మోజే అనుకోకండి. సగం భయం. చిన్నప్పుడు కళాయి పోయిన గిన్నెలో పులుసు మిగిలిపోతే, వాళ్లమ్మ వీధి కుక్కక్కూడా పెట్టకుండా పారబోసేది. "పచ్చగా చిలుం పట్టిందంటే అది విషమే. ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అనేది. ఆ మాట ఇందుమతి ఒంట్లో ఇంకిపోయింది.

ఇంట్లో నీళ్లు కాచుకునే రాగి బంబు ఒకటుంది, దత్తోబా చేత్తో చేసింది. గీజరు పెట్టిద్దామని కొడుకు సుహాస్ ఎన్నిసార్లో అడిగాడు. "మీ నాన్న చేతిపని అటకెక్కిస్తావురా?" అని ఏడ్చి సాధించింది ఇందుమతి. చివరికి ఆ బంబు కుళాయే ఊడింది. మరిగే నీళ్లు కోడలు వృంద కాలి మీద పడ్డాయి, మోకాలి దగ్గర్నుంచి మడమ దాకా. తల్లి లేని పిల్ల. ఏడిస్తే "ఆయీ", అంటే అమ్మా, అని ఏడ్చేది కూడా అత్తను తలుచుకునే. ఇంతా జరిగాక ఇంట్లో ఎవరూ ఇందుమతిని పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా ఆవిడ ప్రాణానికి కాస్త హాయిగా ఉండేది.

ఆస్పత్రిలో కాలిన గాయాల వార్డు. తొడ మీది చర్మం తీసి కాలికి అతికించారు. "ఇది పట్టుకుంటే అమ్మాయి నడుస్తుంది. క్రిములు చేరాయా, అతికించిందంతా ఊడొస్తుంది. మళ్లీ మొదటికే వస్తాం" అన్నాడు డాక్టరు. ఆ క్షణం నుంచీ ఇందుమతికి కంటికి కనిపించని పురుగులే లోకమంతా. ఈగ వాలినా ఉలికిపడేది, ఎవరు తుమ్మినా కొరకొరా చూసేది.

అప్పుడొచ్చింది ముగ్ధ. కాలేజీలో ప్రయోగాలు చేసే పిల్ల. ఇందుమతిని ఆజీ, అంటే అవ్వా, అని పిలిచేది. వార్డులో ప్రతి మంచానికీ ఒక గోధుమరంగు దుప్పటి ఇచ్చింది.

"ఆజీ, ఇది మీ వీధి సరుకే. ఇందులో రాగి ఉంది."

"దుప్పట్లో రాగా? ఎక్కడే పిల్లా?" ఇందుమతి వేళ్లతో నలిపి చూసింది. "నేను పుట్టింది రాగిలో. నాకే టోకరా వేస్తున్నావా?"

ముగ్ధ పకపకా నవ్వింది. "కంటికి ఆనదు ఆజీ. తలవెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఎంత ఉంటుందో, అంతంత నలుసులు చేసి గుడ్డకు పట్టించాం. రాగి బిందెలో నీళ్లు మంచివంటారు కదా, అదే సంగతి. క్రిమి దీని మీద వాలితే దాని పైతోలు చిల్లులు పడి చస్తుంది. రాగి ఎంత సన్నగా ఉంటే అంత గట్టిగా పనిచేస్తుంది. ఒక్కటే మాట, ఉతక్కండి. మార్చాల్సినప్పుడు మేమే మారుస్తాం."

ఇందుమతి మురిసిపోయింది. "చూశావా, మీ మామగారి రాగే నిన్ను కాపాడుతుంది" అని కోడలికి చెప్పింది. బంబు సంగతి గుర్తొచ్చి వెంటనే నాలిక్కరుచుకుంది.

తర్వాత కొన్నాళ్లు ముగ్ధ రాలేదు, జ్వరమట. ఈలోగా దుప్పటి నల్లబడసాగింది. వృంద చెమట తగిలినచోట, అంచుల వెంబడి, పచ్చగా మరకలు తేలాయి. అవి ఇందుమతి కంట పడ్డాయి. చిలుం! పచ్చి పుండు పక్కన చిలుమా! నర్సు దగ్గరికి పరుగెత్తితే, "మావశీ, నాకు ఊపిరాడ్డం లేదు. ఆ దుప్పట్ల గొడవ ముగ్ధా మేడమ్‌నే అడగండి" అంది నర్సు. ముగ్ధ ఏదీ? కోడలి ఒంటి మీద విషం పెట్టుకుని ఎంతసేపని కూర్చుంటుంది? ఉతక్కండి అన్నమాట గుర్తుంది. కానీ ఆ పిల్లకు చిలుం సంగతి ఏం తెలుసులే అనుకుంది. వృంద కునుకు తీస్తున్నప్పుడు దుప్పటి చుట్టి చంకన పెట్టుకుని, ఆస్పత్రి దుప్పటి కప్పి, ఆటో ఎక్కింది.

ఇంట్లో చింతపండు పిసికి, ఉప్పు వేసి, దుప్పటిని దాంట్లో ముంచి తనివితీరా రుద్దింది. నలుపు వదిలింది, పచ్చ వదిలింది. డాబా మీద ఎండేసి, మడతపెట్టి తెచ్చి కోడలికి కప్పింది. కోడలి కాలు కాలిన తర్వాత తను చేసిన మంచిపని ఇదొక్కటే అనుకుంది, పిచ్చిమాలోకం.

ముగ్ధ కోలుకుని వచ్చి, క్రిములకు మేత వేసిన చిన్న మూతబిళ్లలు ఒక్కో దుప్పటికి అద్ది తీసుకుపోయింది. దుప్పటి మీద బతికున్న క్రిములుంటే ఆ మేత తిని రాత్రికి రాత్రే చుక్కల్లా పెరుగుతాయి. మర్నాడు తిరిగొచ్చినప్పుడు మొహంలో నెత్తురు చుక్క లేదు. మిగతా అందరి బిళ్లలూ శుభ్రంగా ఉన్నాయి. వృంద బిళ్ల నిండా తెల్లటి చుక్కలే. అదే పూట వృందకు ఒళ్లు కాలిపోతోంది.

"దీనికి రంగే లేదు. పూత నిలవలేదన్నమాట" అని ముగ్ధ తనలో తను గొణుక్కుంది. "మిగతావి మాత్రం నిలుస్తాయని ఏం నమ్మకం? అన్నీ తీయించేస్తాను. తప్పు నాదే."

ఇందుమతి దగ్గరికి జరిగింది. "పిల్లా, నల్లబడి పచ్చగా అయితే... అది చెడిపోయినట్టు కాదూ?"

"కాదు ఆజీ. నలుపైనా పచ్చైనా పనిచేస్తూనే ఉంటుంది. ఆ నలుపే మందు."

ఇందుమతికి అప్పుడర్థమైంది. మందు! మందంతా తన చేత్తోనే కడిగి కాలవలో పోసింది! చెప్పేద్దామనుకుంది గానీ ఆగింది. బయటి తిండి పెట్టిందని మొన్ననే ఒకావిణ్ణి వార్డులోంచి పంపేశారు. తననూ పంపేస్తే ఈ పిల్ల పక్కన ఎవరుంటారు? సుహాస్‌కు తెలిస్తే? మొదట బంబు, ఇప్పుడు దుప్పటి. ఒకే కోడలిని రెండుసార్లు చంపుతానా దేవుడా అనుకుంది. తన చేతుల్ని చూస్తేనే అసహ్యం వేసింది.

అంతలో ముగ్ధ పక్క మంచం దుప్పటి లాగుతోంది. ఆ మంచం మీద కాలిన చేతులతో ఒక ముసలాయన. ఆయన దుప్పటి నల్లగా, పచ్చగా, భేషుగ్గా ఉంది.

"తియ్యకు!" ఇందుమతి కేక వార్డంతా వినబడింది. "తియ్యకే తల్లీ. వాటికేం కాలేదు. నేనే. నేనే చింతపండేసి తోమాను."

"దుప్పటినా? తోమారా?"

"చిలుం అనుకున్నానే!"

"చెప్పాను కదా ఆజీ! ఉతకొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా!" ముగ్ధకు కోపంతో ఏడుపొచ్చింది. వెంటనే వృందకు కొత్త దుప్పటి కప్పింది. నర్సు మాత్రం ఇందుమతి రెక్క పట్టుకుని బయట వరండాలో కూర్చోబెట్టింది. కట్టు విప్పి చూసేదాకా లోపలికి రావద్దంది.

ఆ బల్ల మీద ఆవిడ పడ్డ నరకం పగవాళ్లకు కూడా వద్దు. తలుపు కిర్రుమన్నప్పుడల్లా లేచేది, మళ్లీ కూర్చునేది. సుహాస్ ఫోను మోగుతుంటే ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి? వీధిలో అందరి కులదేవత కాళికకు మొక్కుకుందామన్నా మొహం చెల్లలేదు.

డాక్టరు చివరికి బయటికొచ్చాడు. "చర్మం పట్టుకుంది. మడమ దగ్గర కాస్త ఊడింది, అది మానుతుందిలెండి. జ్వరం తగ్గుతోంది. ఎందుకొచ్చిందో మాత్రం చెప్పలేం. వెళ్లండి, మీకోసమే అడుగుతోంది."

ఇందుమతి మంచం దగ్గరికి వెళ్లి తలెత్తలేక నిలబడింది.

"ఆయీ, మీరు ఆ దుప్పటి కప్పగానే చింతపండు వాసనొచ్చింది" అంది వృంద నీరసంగా. "నాకప్పుడే తెలుసు."

"తెలిసీ ముగ్ధకు చెప్పలేదేమే? కాలు పోయేది కదే పిచ్చిదానా!"

"చెబితే మిమ్మల్ని పంపేస్తారు కదా. మీరు లేకపోతే నేనిక్కడ ఒక్కదాన్నీ ఎలా ఉండను?"

ఇందుమతి బావురుమంది. ఏడుస్తూ ఏడుస్తూ దుప్పటి కోడలి మెడ దాకా సర్దింది. ఆ కొత్తది కూడా ఒక మూల చెమట తగిలి అప్పుడే నల్లబడుతోంది. బొటనవేలు అలవాటుగా ఆ మచ్చ మీదికి పోయింది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని, రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని, కోడలి పక్కన కూర్చుంది.